పాత కెమెరా అమ్మకం: సొమ్ము భద్రంగా చేతులు మారేదెలా?

మూఢం దగ్గరపడుతోందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకాల ఫొటోలు వరుసకడతాయి. బాడీ, రెండు లెన్సులు, అదనపు బ్యాటరీలు, బిల్లూ బాక్సూ ఉన్నాయి, రేటు మాట్లాడుకుందాం రండి అంటూ. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో ఒకరు కెమెరా అమ్మి అప్పు తీర్చుకుంటారు, ఇంకొకరు అదే కెమెరా కొనుక్కుని వచ్చే సీజనుకు సిద్ధమవుతారు. కొత్తవి కొంటే ఫుల్‌ఫ్రేమ్ బాడీకీ మంచి జూమ్ లెన్సుకూ లక్షలు పెట్టాలి. అవే పాతవి సగం ధరకు దొరికితే, మండల కేంద్రంలో స్టూడియో తెరవాలనుకునే కుర్రాడికి అది బతుకుదెరువు. అమ్మ ఎత్తిన చీటీ డబ్బో, బంగారం కుదువపెట్టి తెచ్చిందో అందులో ఉంటుంది.

ఈ బేరంలో దుకాణం లేదు, వారంటీ లేదు. వ్యాపారి కాని మనిషి దగ్గర కొన్నది గనక తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కూడా కష్టం. ఇద్దరు అపరిచితులు, లక్షన్నర రూపాయలు, ఒక బ్యాగు. అమ్మేవాడు డబ్బు పడనిదే బ్యాగు ఇవ్వడు. కొనేవాడు బ్యాగు చేతికి రానిదే డబ్బు పంపడానికి జంకుతాడు. ఇద్దరి భయమూ న్యాయమైనదే. కాబట్టి డబ్బు పోవడానికీ బ్యాగు రావడానికీ మధ్య ఉన్న వ్యవధిని కొద్ది నిమిషాలకు కుదించాలి, ఆ కాసేపూ ఇద్దరూ ఒకేచోట ఉండాలి. కింద చెప్పే ప్రతి పనీ అందుకోసమే. ధర 1,65,000 రూపాయలకు తెగిందనుకుని లెక్కలు చెబుతాను.

1. ఫోనులోనే సొమ్ము దారి తేల్చుకోండి

రేటు కుదరగానే చాలామంది లొకేషన్ పంపమని అడుగుతారు. అంతకన్నా ముందు డబ్బు ఎలా వస్తుందో మాట్లాడుకోవాలి. అమ్మేవాళ్లయితే ఇలా చెప్పండి: "డబ్బులు మీ పేరు మీదున్న ఖాతా నుంచే రావాలి అన్నా. నా బ్యాంకు యాప్‌లో పడినట్టు చూసుకున్నాకే కెమెరా ఇస్తాను. మీ ఆధార్ కాపీ ఒకటి తెచ్చుకోండి, నాదీ ఇస్తాను." కొనేవాళ్లయితే: "కెమెరా మీ పేరు మీదే ఉందా? బిల్లు మీదేనా? డబ్బు మీ ఖాతాకే పంపుతాను, ఇంకెవరికీ పంపను."

నిజంగా కొనడానికి వచ్చేవాడు ఈ మాటలకు నొచ్చుకోడు, తనకూ భద్రమే కదా అనుకుంటాడు. "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ మీద వెళ్తున్నాను, చూడక్కర్లేదు, డబ్బు ఇప్పుడే పంపేస్తా" అని తొందరపెట్టేవాడితో బేరం అక్కడే వదిలేయండి. సైనికుల పేరు వాడుకునే ఈ మోసం మన దగ్గర ఏళ్లుగా నడుస్తోంది. లక్షన్నర పెట్టేవాడు వస్తువు చూడకుండా కొనడు.

2. మొత్తాన్ని బట్టి పద్ధతి ఎంచుకోండి

యూపీఐ అందరికీ అలవాటే. కానీ వ్యక్తి నుంచి వ్యక్తికి మామూలుగా రోజుకు లక్ష రూపాయలే పంపగలం, కొన్ని బ్యాంకుల్లో హద్దు ఇంకా తక్కువ. కొత్తగా యూపీఐ పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటలూ 5,000 దాటదు. కాబట్టి 1,65,000 మొత్తం ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కొట్టేద్దామని వస్తే సగంలో ఆగిపోతారు. అలా ఆగినప్పుడే "మిగతాది రాత్రికి పంపుతా, మా ఫ్రెండ్ నుంచి వేయిస్తా" లాంటి మాటలు మొదలవుతాయి.

ఈ స్థాయి అమ్మకానికి సరిపోయేది ఐఎంపీఎస్. ఒక్కసారికి 5 లక్షల వరకు వెళ్తుంది, రాత్రీ పగలూ ఆదివారమూ పనిచేస్తుంది, నిమిషంలో అవతలి ఖాతాలో పడుతుంది. 2 లక్షలు, ఆ పైన అయితే ఆర్టీజీఎస్ ఉంది. అది కూడా 2020 డిసెంబరు 14 నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. అందులో ప్రతి చెల్లింపూ విడిగా, అప్పటికప్పుడు తేలిపోతుంది. నెఫ్ట్ మాత్రం అరగంటకోసారి మూటలు కట్టి పంపే పద్ధతి. డబ్బు పోదు, కానీ ఎదురెదురుగా కూర్చుని గంటసేపు ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ ఎదురుచూపులోనే మొహమాటానికి లొంగి బ్యాగు ఇచ్చేస్తారు. నెఫ్ట్ అయితే ఎదుటి మనిషి రాకముందే డబ్బు పడిపోవాలి, లేదంటే ఆ పద్ధతి వద్దనాలి.

మా లెక్కకు తేలిక దారి ఇది. రెండు రోజుల ముందు బయానాగా 5,000 యూపీఐలో, మిగిలిన 1,60,000 కలిసిన రోజు ఐఎంపీఎస్‌లో. బయానా వల్ల ఇంకో లాభముంది. ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఇద్దరికీ ముందే తెలుస్తుంది. పెద్ద మొత్తం మాత్రం బయానాగా ఇవ్వకండి. వస్తువు చూడకముందు ఇచ్చే డబ్బు, పోయినా తట్టుకోగలిగినంతే ఉండాలి. అది ఎందుకిచ్చారో, బేరం తప్పితే తిరిగి ఇవ్వాలో లేదో వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాసుకోండి.

నగదు సంగతి. పల్లెల్లో ఇప్పటికీ నోట్ల కట్టలే నమ్మకం. అందులో తప్పేమీ లేదు, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. ఒకే లావాదేవీకి 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. రెండు మూడు రోజులకు విడగొట్టి తీసుకున్నా లావాదేవీ ఒక్కటే గనక చెల్లదు. జరిమానా తీసుకున్నవాడి మీదే పడుతుంది, తీసుకున్నంత మొత్తం దాకా ఉండొచ్చు. రెండోది దొంగనోట్లు. నగదే అయితే అమ్మేవాళ్ల బ్యాంకు శాఖలోనే కలవండి. డబ్బు నేరుగా కౌంటర్లో జమ చేయించండి. యంత్రం లెక్కపెడుతుంది, నకిలీ ఉంటే అక్కడే బయటపడుతుంది, జమ రసీదు చేతికొస్తుంది, అప్పుడు బ్యాగు ఇవ్వండి. లక్షన్నర జేబులో పెట్టుకుని బస్సెక్కే అవసరమూ ఉండదు.

చెక్కు తీసుకోవద్దు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు చాలావరకు అదే రోజు క్లియర్ అవుతున్నాయి, నిజమే. అయినా కెమెరా ఇచ్చేసిన తర్వాత చెక్కు తిరిగొస్తే, మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, 15 రోజులు గడువివ్వాలి, ఆపైన నెలలోగా కోర్టుకెక్కాలి. సెక్షన్ 138 కింద ఆ చెక్కు బౌన్సు కేసు గెలిచేసరికి ఆ కెమెరా మోడలే పాతబడిపోతుంది. తప్పనిసరై చెక్కు తీసుకుంటే, డబ్బు ఖాతాలో నిలిచాకే వస్తువు ఇస్తానని ముందే చెప్పండి.

డీడీ అంటే నమ్మకం ఎక్కువ, అందుకే నకిలీ డీడీలతోనూ మోసాలు జరిగాయి. కొనేవాడు జేబులోంచి తీసి ఇచ్చిన డీడీని చూసి నమ్మొద్దు. అతనితో కలిసి ఆ శాఖకే వెళ్లి, మీ కళ్లముందు తీయించుకుంటే మంచిదే. 2018 సెప్టెంబరు 15 నుంచి డీడీ మీద దాన్ని తీయించినవాళ్ల పేరూ అచ్చవుతోంది. మీ కెమెరా కొంటున్న మనిషి పేరే అక్కడుందో లేదో చూడండి.

3. ముందురోజు చేయాల్సిన పని

కొనేవాళ్లు అమ్మేవాళ్ల ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ తీసుకుని ముందురోజే తమ నెట్‌బ్యాంకింగ్‌లో చేర్చుకోవాలి. చాలా బ్యాంకులు కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి కొన్ని గంటలో, ఒక రోజో తక్కువ మొత్తమే పంపనిస్తాయి. ఈ సంగతి తెలియక, నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లాల్సిన పరిస్థితి రాకూడదు. చేర్చాక ఒక్క రూపాయి పంపి, పడిందా అని అడగండి. పేరు సరిపోలిందో లేదో చూడండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్ పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే సదుపాయం పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు 2025 ఏప్రిల్ వరకు గడువిచ్చింది. మీ యాప్‌లో అది కనిపిస్తే తప్పకుండా వాడండి. రోజువారీ పరిమితి సరిపోకపోతే అదీ అప్పుడే పెంచుకోండి.

4. ఎక్కడ కలవాలి

బ్యాంకు తెరిచి ఉన్న రోజు, పగటిపూట, సీసీ కెమెరాలున్న చోట. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవని గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి వైపు కెమెరాలు అమ్మే, బాగుచేసే దుకాణాలున్నాయి. తెలిసిన మెకానిక్ దగ్గర కలిస్తే, అతనికి కొంత ఇచ్చి వస్తువునూ పరీక్ష చేయించుకోవచ్చు. ఫంక్షన్ హాలు వెనక, టోల్‌గేటు దగ్గర, రాత్రి పది తర్వాత అంటే వద్దనండి. ఒక్కరే వెళ్లొద్దు. ఒకరు కెమెరా చూస్తుంటే ఇంకొకరు ఫోను చూసుకోవాలి.

5. డబ్బు పంపేముందు: కెమెరా ఎవరిది?

షట్టర్ కౌంట్, లెన్సులో ఫంగస్, సెన్సర్ మీద మచ్చలు చూడటం అందరికీ తెలుసు. దానికన్నా ముఖ్యమైంది, ఈ వస్తువు అమ్మే హక్కు ఇతనికుందా అన్నది. అద్దెకు తీసుకున్న కెమెరాను అమ్మేసి మాయమైపోవడం ఈ రంగంలో పాత బెడదే. తనది కానిదాన్ని అమ్మినవాడి దగ్గర కొంటే ఆ వస్తువు మీది కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు మీకు సంక్రమించదు. అసలు యజమాని ఫిర్యాదు చేస్తే పోలీసులు కెమెరా తీసుకెళ్తారు, మీ లక్షన్నర కోసం మీరు అమ్మినవాడి వెంట పడాలి. అనుమానించడానికి తగిన కారణం ఉండీ దొంగ సొత్తు కొంటే, భారతీయ న్యాయ సంహిత 317 కింద మీ మీదే కేసు పడవచ్చు.

అందుకని బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీద నంబరుతో, బాక్సు మీద నంబరుతో కలుస్తోందా చూడండి. లెన్సు నంబరూ చూడండి. బిల్లు మీద పేరు అమ్మేవాళ్లదేనా? ఈఎంఐలో కొన్నదైతే అప్పు తీరినట్టు కాగితం ఉందా? బిల్లు పోయిందంటే, కొన్న దుకాణం పేరు చెప్పమనండి. ఆ కెమెరాతో పాత రోజుల్లో తీసిన ఫొటోల అసలు ఫైళ్లు చూపమనండి. చాలా మోడళ్లలో ఫైలు వివరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. ఏళ్లుగా వాడినవాళ్ల దగ్గర అలాంటి ఫైళ్లు తప్పకుండా ఉంటాయి.

6. "పంపాను, పడ్డాయా?"

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు కాబట్టి నిదానంగా చదవండి. కొనేవాడి ఫోనులో పచ్చటి టిక్కు, స్క్రీన్‌షాట్, పన్నెండంకెల లావాదేవీ నంబరు, ఇవేవీ డబ్బు పడినట్టు రుజువు కావు. అచ్చం అలాంటి తెరలు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ ఫోనుకు వచ్చిన ఎస్సెమ్మెస్సూ రుజువు కాదు. మామూలు పదంకెల మొబైలు నంబరు నుంచి "మీ ఖాతాలో 1,60,000 జమ" అని వస్తే అది బ్యాంకు పంపింది కాదు.

మీ ఫోనులో, మీ డేటాతో, మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, ఖాతా నిల్వ పెరిగిందో లేదో, జమల పట్టీలో పంపినవాళ్ల పేరుతో ఆ మొత్తం ఉందో లేదో చూసుకోండి. సిగ్నల్ లేకపోతే బయటికి నడవండి. బ్యాగు మీ భుజానే ఉండాలి. ఎదుటివాళ్లు విసుక్కున్నా పర్వాలేదు.

డబ్బు అటు కట్ అయ్యి ఇటు పడకుండా "పెండింగ్" అని ఆగిపోవడమూ జరుగుతుంది. అది మోసమే అయ్యుండాల్సిన పని లేదు. యూపీఐ, ఐఎంపీఎస్‌లలో అలా చిక్కుకున్న సొమ్ము మర్నాటి లోగా పంపినవాళ్ల ఖాతాకు దానంతట అదే తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. కాబట్టి కొనేవాళ్లు కంగారుపడి రెండోసారి పంపకండి, అమ్మేవాళ్లు జాలిపడి బ్యాగు ఇవ్వకండి. ఇద్దరూ మర్నాడు మళ్లీ కలవండి.

డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు మీకు వస్తాయి" అని ఎవరన్నా చెబితే మీ డబ్బు వాడికి పోతుంది. వ్యక్తుల మధ్య డబ్బు కోరే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. క్యూఆర్ మోసం మాత్రం ఆగలేదు. "పొరపాటున ఎక్కువ పంపాను, తేడా ఈ నంబరుకు తిరిగి కొట్టండి" అన్నా కొట్టకండి. మొదట నిజంగా ఎక్కువ పడిందో లేదో చూడండి. పడి ఉంటే మీ బ్యాంకుకు చెప్పి, డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి పంపించండి.

7. మూడో మనిషి ఖాతా వద్దు

"మా బావ అకౌంట్ నుంచి వేయిస్తున్నా అన్నా, ఎవరి నుంచి వస్తే ఏంటి, డబ్బులే కదా?" ఈ మాటకు లొంగినవాళ్లు తర్వాత పడే బాధ చాలామందికి తెలియదు.

ఒక మోసగాడు మీ ప్రకటనలోని ఫొటోలనే తీసుకుని, ఇంకో ఊళ్లో ఇంకొకరికి తక్కువ ధరకు అదే కెమెరా అమ్ముతానంటాడు. డబ్బు పంపడానికి మీ ఖాతా నంబరే ఇస్తాడు. ఆ అమాయకుడి డబ్బు మీ ఖాతాలో పడుతుంది, మోసగాడు మీ ముందు కొనుగోలుదారుగా నిలబడి కెమెరా తీసుకుని వెళ్లిపోతాడు. కెమెరా రాని మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. అతని డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో, అక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో పోలీసులూ బ్యాంకులూ వరుసగా వెతుకుతాయి. ఆ వరుసలో మొదటి పేరు మీదే. ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు ఖాతా మొత్తాన్నే ఆపేస్తారు. వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్‌కు ఉత్తరాలు రాసుకుంటూ, పిల్లల ఫీజు కూడా కట్టలేక తిరగాల్సి వస్తుంది. వచ్చిన డబ్బు ఎవరి దగ్గరో కొట్టేసినదైనా ఇదే గతి.

కొనేవాళ్లకూ ఇదే మోసం తిరగేసి ఎదురవుతుంది. మధ్యవాడు ఫోనులో బేరమాడి, "కెమెరా మా అన్నయ్య దగ్గరుంది, వెళ్లి చూసుకోండి, ఆయనతో మాత్రం రేటు మాట్లాడకండి, డబ్బు నాకు పంపండి" అంటాడు. అసలు యజమానికీ ఇంకో కథ చెప్పి ఉంటాడు. మీరు కెమెరా చూసి తృప్తిపడి వాడికి డబ్బు పంపుతారు, యజమాని మాత్రం నాకేమీ రాలేదంటాడు.

రెండింటికీ మందు ఒక్కటే. కెమెరా పట్టుకుని ఎదురుగా ఉన్న మనిషి, బిల్లు మీద పేరు, డబ్బు తీసుకునే ఖాతా పేరు ఒక్కటై ఉండాలి. డబ్బు ఇచ్చే మనిషి, అతని గుర్తింపు కార్డు, డబ్బు వచ్చిన ఖాతా పేరూ ఒక్కటై ఉండాలి. నిజంగానే తండ్రి డబ్బు ఇస్తున్నాడంటే తండ్రినే రమ్మనండి, రసీదులో కొనుగోలుదారుగా ఆయన పేరే రాయండి. రేటు విషయం ఎదురెదురుగా ఒకసారి పైకి అనండి: "అన్నా, లక్షా అరవై అయిదు కదా మనం అనుకున్నది?" మధ్యలో ఎవడైనా ఉంటే ఆ ఒక్క ప్రశ్నతో బయటపడతాడు.

8. రసీదు

తెల్లకాగితం చాలు. తేదీ, చోటు, ఇద్దరి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. మోడల్ పేరు, బాడీ సీరియల్ నంబరు, ఒక్కో లెన్సు సీరియల్ నంబరు. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, బయానా ఎంత, ఇవాళ ఎంత, ఏ పద్ధతిలో, లావాదేవీ నంబరు ఏమిటి. అమ్మేవాళ్లు వస్తువు తమ సొంతమని, దాని మీద అప్పు లేదని, కొనేవాళ్లు చూసుకుని తీసుకున్నామని రాయాలి. 5,000 దాటిన రసీదు కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయండి. రెండు ప్రతులు రాసి, ఆధార్ కాపీలు మార్చుకోండి. కాపీ మీద "ఫలానా కెమెరా అమ్మకం కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి తేదీ వేయండి. ఖాతాను ఎవరైనా ఎప్పుడైనా ఆపిస్తే, అమ్మకం నిజమని చూపడానికి మీ చేతిలో ఉండేవి ఈ కాగితమూ ఆ వాట్సాప్ మాటలూ మాత్రమే. ఫోను మార్చినా చాట్‌ను పోనివ్వకండి.

దూరం నుంచి కొనాల్సి వస్తే

విశాఖలో ఉన్న లెన్సు నిజామాబాద్‌కు కావాలి. కొరియర్‌లో పంపించుకోవడం కన్నా, మధ్యలో కలవడమో, ఆ ఊళ్లో ఉన్న చుట్టాన్ని పంపడమో ఎప్పుడూ మేలు. రైలు టిక్కెట్టు ఖర్చు ఆ లెన్సు విలువ ముందు చిన్నది. "సొమ్ము మా దగ్గర ఉంచండి, వస్తువు అందాక అమ్మేవాళ్లకు ఇస్తాం" అనే వెబ్‌సైటు లింకు ఎదుటివాళ్లు పంపితే దానిలో డబ్బు వేయకండి, అలాంటి నకిలీ సైట్లు కోకొల్లలు. ఇద్దరికీ తెలిసిన ఫొటోగ్రాఫరో, సంఘం పెద్దో మధ్యవర్తిగా ఉంటే కొంత నయం. అదీ లేకపోతే ముందు వీడియో కాల్‌లో సీరియల్ నంబరు, ఆ రోజు పేపరు కలిపి చూపించుకోండి. ప్యాకింగును తూకంతో సహా వీడియో తీయించండి, విలువ ప్రకటించి బీమాతో పంపించండి. ఇంత చేసినా ముందు డబ్బు పంపినవాళ్లకే నష్ట భయం ఎక్కువని తెలుసుకుని దిగండి.

అమెరికాలో చదువుకుంటూ అక్కడ కెమెరా కొని అమ్మే మన పిల్లలకు ఒక మాట. జెల్ (Zelle) ద్వారా పంపిన డబ్బు మన యూపీఐలాగే వెంటనే వెళ్లిపోతుంది, కొన్న వస్తువుకు రక్షణ ఉండదు. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపినా అంతే. మన డీడీ లాంటి అక్కడి క్యాషియర్స్ చెక్కు విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఒకటి రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో కనిపిస్తుంది. కొన్ని వారాలకు అది నకిలీదని తేలితే బ్యాంకు ఆ మొత్తాన్ని మీ దగ్గరే వెనక్కి తీసుకుంటుంది. కొనేవాళ్ల బ్యాంకుకు కలిసి వెళ్లి అక్కడే తీయించుకోండి.

తేడా జరిగితే

మోసపోయానని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి, ఇంట్లో చెప్పడానికి వెనకాడి రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటే, ఆ లోపు డబ్బు నాలుగు ఖాతాలు దాటి ఏటీఎంలోంచి బయటికి పోతుంది. లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం, ఎదుటివాళ్ల ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని చెప్పండి. వాళ్లిచ్చే ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వివరాలు నింపి, మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, దగ్గరి స్టేషన్‌లో సీరియల్ నంబర్లతో సహా ఫిర్యాదు ఇవ్వండి. కెమెరా పోయి ఉంటే ఆ నంబర్లను ఫొటోగ్రాఫర్ల గ్రూపులన్నిటికీ, కోఠిలో మీకు తెలిసిన మెకానిక్‌లకూ అదే రోజు పంపండి. దాన్ని ఎవరో ఒకరు అమ్మకానికి తేవాల్సిందే, అప్పుడు గుర్తుపట్టేది వాళ్లే.